నా చెంప వేరు, బిడ్డ చెంప వేరు

ధ్యానమునకు వాక్యభాగములు: సంఖ్యాకాండము 27:1–7, లూకా 18:1–8, 1 కొరింథీయులకు 6:1–8



ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును ఇండ్లకు వెళ్లిపోయిన తరువాత, గుడి వరండాలో ఒక తల్లి మాత్రము నిలిచియుండెను. ఆమె చేతిలో ఒక నోటుపుస్తకము ఉండెను. ప్రక్కన ఆమె కుమారుడు, పదునొకండేండ్లవాడు, చెప్పులు చేతపట్టుకొని నేలవైపు చూచుచుండెను. ఆ బాలుని నేను బాగుగా ఎరుగుదును. ఇరువది మూడవ కీర్తన ఒక్క తప్పు లేకుండ అప్పగించును. ఒక పాట రెండుసారులు విన్న చాలును, మూడవసారి తానే ఎత్తుకొని పాడును. తండ్రి సైకిలు చెయిను ఊడినచో ఎక్కించువాడు వాడే. తెలివి లేని పిల్లవాడని ఎవ్వరును అనలేరు.

తల్లి నోటుపుస్తకము తెరచి నాకు చూపెను. పుటనిండ ఎర్రసిరా. ‘ప’ ఉండవలసిన చోట ‘వ’ ఉన్నది. ‘మ’ ఉండవలసిన చోట ‘య’ ఉన్నది. ఒత్తులు ఒకచోట, అవి చేరవలసిన అక్షరములు ఒకచోట. పుట అడుగున ఉపాధ్యాయుడు వ్రాసిన మాట ఒక్కటే: “మొద్దు.”

వాడు అయిదవ తరగతి చదువుచున్నాడు. ఆ పాఠశాలను నడుపువారు మన విశ్వాసులే. రెండవ తరగతి నుండి ఆ తల్లి వారిని అడుగుచునే యున్నది: “వీడికి చెబితే అన్నీ వస్తాయి, చదవమంటే రాదు, ఏం చేద్దామండీ?” అని. మొదటి యేడు “సోమరితనము” అనిరి. మరుసటి యేడు “ఇంటిలో మీరు చదివించుట లేదు” అనిరి. మూడవ యేడు బెత్తము వచ్చినది. ఈ యేడు ఆమెను పిలిపించి, వీనికి చదువు రాదు గనుక టి.సి. తీసికొని వేరొక బడిలో చేర్చుకొనుడని చెప్పిరి. గేటు మీద మాత్రము పదవ తరగతిలో నూటికి నూరుమంది ఉత్తీర్ణులని పెద్ద బ్యానరు కట్టియున్నది.

“అయ్యగారూ, కేసు వేస్తే పాపమా?” అని ఆమె అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పితిని. ఇప్పుడు తలచుకొనిన సిగ్గగుచున్నది. “అమ్మా, ఓర్చుకో. అది మన వాళ్ల బడి. కోర్టుకెక్కితే నలుగురిలో నవ్వులపాలవుతాం. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నాడు గదా ప్రభువు” అని చెప్పితిని.

ఆమె కొంచెముసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, “నా చెంపయితే చూపిస్తానయ్యా. వాడి చెంప చూపించడానికి నేనెవర్ని?” అనెను.

ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆ రాత్రి నిద్ర పట్టక బైబిలు తెరచితిని. ఆ తల్లి ప్రశ్నకు నేను ఆలస్యముగా కనుగొనిన సమాధానము ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాను. ఇట్టి నోటుపుస్తకము మీ ఇంటిలో గాని, మీ పొరుగింటిలో గాని లేకపోలేదు.

మొదటిగా, ఆ బిడ్డకు వచ్చిన కష్టమేదో తెలిసికొందము. కొందరు పిల్లలకు కన్ను బాగుగానే కనబడును, చెవి బాగుగానే వినబడును, బుద్ధియు చురుకుగానే యుండును. కాని కంటితో చూచిన అక్షరమును నోటి శబ్దముతో కలుపుకొనుట వారికి మిక్కిలి కష్టము. చదువుటలో ఈ కష్టము ఉండిన డిస్‌లెక్సియా అందురు. వ్రాతలో ఉండిన డిస్‌గ్రాఫియా, లెక్కలలో ఉండిన డిస్‌కాల్క్యులియా అని పేర్లు. ఇది సోమరితనము కాదు, తల్లిదండ్రుల పాపఫలము కాదు, దయ్యపు పనియు కాదు. మెదడు అక్షరములను గ్రహించు తీరులోని భేదము. బెత్తము దీనిని మాన్పలేదు. తగిన పద్ధతిలో, ఒక్కొక్క శబ్దమును ఒక్కొక్క అక్షరముతో ముడిపెట్టి, ఓపికతో మరల మరల నేర్పినయెడల అట్టి పిల్లలు నేర్చుకొందురు. ఎంత ముందుగా కనిపెట్టిన అంత మేలు.

దేవుడు ఇట్టివారితో ఎట్లు వ్యవహరించెనో నిర్గమకాండము 4వ అధ్యాయములో చూడుడు. మోషే తాను మాటనేర్పరి కాననియు, తన నోరును నాలుకయు మందమైనవనియు మొరపెట్టుకొనెను. దేవుడు అతనిని పని నుండి తొలగించెనా? టి.సి. ఇచ్చి పంపివేసెనా? లేదు. అతడు వేరొకరిని పంపుమని అడిగినప్పుడు దేవునికి కోపము వచ్చినను, మాట బాగుగా వచ్చిన అహరోనును అతనికి నోరుగా ఇచ్చెను. పని తగ్గింపబడలేదు, సహాయము చేర్పబడినది. నేడు పరీక్షలో చేతివ్రాత రాని పిల్లవానికి వ్రాసిపెట్టు సహాయకుని ఇచ్చుట కొందరికి మోసమువలె తోచును. అహరోనును ఇచ్చుట మోసమైనయెడల అదియు మోసమే!

రెండవదిగా, మనదేశపు చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 1995లో చేసిన వికలాంగుల చట్టములో ఏడు విధముల వైకల్యములే పేర్కొనబడినవి. ఈ అభ్యసన లోపము వానిలో లేదు. కాబట్టి అనేక సంవత్సరములు ఇట్టి బిడ్డలకు చట్టములో పేరైనను లేకుండెను. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను పేర్కొని, వానిలో దీనిని చేర్చెను. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ నిధులు గాని ప్రభుత్వ గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలలో, పిల్లల అభ్యసన లోపములను వీలైనంత త్వరగా కనుగొని తగిన బోధనాపద్ధతులు చేపట్టవలెనని దాని 16వ సెక్షను చెప్పుచున్నది. పరీక్షలలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి సదుపాయములు 17వ సెక్షనులో ఉన్నవి.

దీనికి ముందే 2009లో విద్యాహక్కు చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులో ఉన్నది. ఆరేండ్ల నుండి పదునాలుగేండ్ల వరకు గల పిల్లలను కొట్టరాదనియు, మనస్సు నొప్పించి వేధింపరాదనియు, ఎనిమిదవ తరగతి ముగియువరకు బడి నుండి వెళ్లగొట్టరాదనియు అందులో ఉన్నది. అయితే ఇక్కడ మనమందరము తల వంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. 2014లో సుప్రీంకోర్టు, అల్పసంఖ్యాక వర్గములు నడుపు పాఠశాలలకు ఈ విద్యాహక్కు చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరులో అదే కోర్టులోని వేరొక ధర్మాసనము ఆ తీర్పు సరియైనదేనా అను సందేహము వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనము ఆలోచింపవలెనని పంపినది. 2016 చట్టములో మాత్రము అల్పసంఖ్యాకుల పాఠశాలలకు అట్టి మినహాయింపు వ్రాయబడలేదు.

మన విశ్వాసమును, మన సంస్థలను కాపాడుకొనుటకు రాజ్యాంగము మనకు ఇచ్చిన హక్కు గొప్పది. దానికొరకు దేవుని స్తుతింపవలెను. అయితే ఆ హక్కును గోడగా కట్టుకొని, దాని వెనుక నిలిచి ఒక బీదబిడ్డను గేటు వెలుపలికి త్రోయవచ్చునా? చట్టము మనలను పట్టుకొనలేనంత మాత్రమున ప్రభువు మనలను విడిచిపెట్టునా? చిన్నబిడ్డలను ఆయనయొద్దకు తీసికొనివచ్చిన వారిని శిష్యులు గద్దించినప్పుడు ఆయన కోపపడెనని మార్కు 10వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ దినమున త్రోవకు అడ్డము నిలిచినవారు ఆయన శత్రువులు కారు, ఆయన శిష్యులే.

మూడవదిగా, అసలు ప్రశ్నకు వత్తము. క్రైస్తవుడు న్యాయస్థానమునకు వెళ్లవచ్చునా? వెళ్లరాదను వారందరును 1 కొరింథీయుల పత్రిక 6వ అధ్యాయమును చూపుదురు. నేనును ఆ తల్లికి దానినే చూపవలెననుకొంటిని. కాని ఆ రాత్రి ఆ భాగమును మొదటినుండి చదివినప్పుడు రెండు సంగతులు నాకు కనబడెను.

ఒకటి: కొరింథులో సహోదరులు ఈ లోకసంబంధమైన సంగతులను గూర్చి, తమ తమ సొంత లాభముకొరకు, ఒకరినొకరు కోర్టులకు ఈడ్చుకొనుచుండిరి. అట్టి వ్యాజ్యెము కంటె అన్యాయమును సహించుట మేలని పౌలు చెప్పుచున్నాడు. అయితే ఎవరికి జరిగిన అన్యాయము? సహించువానికి జరిగినది. నా పొలములో ఒక గట్టు పోయిన, నా అప్పు ఎగవేయబడిన, నా పరువు తీయబడిన, నేను క్షమించి విడిచిపెట్టవచ్చును. అది నాది గనుక విడిచిపెట్టు అధికారము నాకున్నది. నా అంగీ అడిగినవానికి నా పైబట్టను కూడ ఇయ్యవచ్చును. నా బిడ్డ పైబట్టను తీసి ఇచ్చి, నేను గొప్ప త్యాగము చేసితినని చెప్పుకొనరాదు. చలిలో వణకువాడు వాడు. ఆ తల్లి చెప్పినది ఇదే. ఆమె వేదాంత కళాశాలలో చదువలేదు. అయినను ఆ సంగతిని నాకంటె ముందుగా గ్రహించెను.

రెండు: పౌలు కొరింథువారిని, ఊరక నోరు మూసికొని యుండుడని చెప్పి ఊరకుండలేదు. మీలో సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనను లేడా అని వారిని సిగ్గుపరచెను. కోర్టుకు పోవద్దని చెప్పు సంఘము, తానే న్యాయము తీర్చుటకు సిద్ధపడవలెనని దాని భావము. న్యాయము తీర్చకుండ, కోర్టుకును పోనీయకుండ, అన్యాయమునకు గురియైన వానిని మాత్రమే ఓర్చుకొమ్మని చెప్పుట పౌలు బోధ కాదు. అది బలవంతుని పక్షము వహించుట. నేను ఆ ఆదివారమున చేసినది అదియే.

ఆ పౌలే ఫిలిప్పీలో తన్ను విచారణ లేకుండ కొట్టించి చెరలో వేయించిన అధికారులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు, వారే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను (అపొస్తలుల కార్యములు 16). యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు తన రోమా పౌరసత్వపు హక్కును చెప్పెను (22వ అధ్యాయము). కైసరయలో కైసరుకు అప్పీలు చేసికొనెను (25వ అధ్యాయము). ప్రభుత్వము మేలు కొరకు దేవుడు నియమించిన పరిచారకురాలని రోమీయుల పత్రికలో వ్రాసినవాడు, ఆ పరిచారకురాలి తలుపు తట్టుట పాపమని తలచలేదు.

సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకము చేసికొనుడు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు. తండ్రి పోయెను, అన్నదమ్ములు లేరు, స్వాస్థ్యము తప్పిపోవుచున్నది. వారు గుడారములో కూర్చుండి ఏడ్వలేదు. మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను వచ్చి నిలిచిరి. మీకు విశ్వాసము తక్కువని మోషే వారిని గద్దింపలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమైనదని దేవుడే తీర్పు చెప్పెను. అంతటితో ఆగలేదు. ఆ అయిదుగురి మనవి ఇశ్రాయేలీయులందరికిని కట్టడగా మారెను. లూకా 18వ అధ్యాయములోని విధవరాలు సహా, మాటిమాటికి న్యాయాధిపతియొద్దకు వెళ్లినందుకు ప్రభువుచేత నింద పొందలేదు. విసుగక ప్రార్థించుటకు ఆమెనే ఆయన మనకు మాదిరిగా చూపెను.

ఒక కుటుంబము యొక్క మనవి అనేకులకు కట్టడ యగుట మన కాలములోను జరిగినది. ఇంగ్లండు దేశమున, లండను నగరపు అంచుననున్న హిల్లింగ్‌డన్ అను ప్రాంతములో ఒక బాలిక చదువులో మిక్కిలి వెనుకబడియుండెను. 1985లో అక్కడి విద్యాధికార సంస్థకు చెందిన మనస్తత్వ నిపుణురాలు ఆమెను పరీక్షించి, ప్రత్యేకమైన లోపమేదియు కనబడలేదని వ్రాసెను. బడి ఆ మాటను నమ్మెను. 1990లో, ఆ పిల్ల బడి చదువు ముగియబోవుచుండగా, తల్లిదండ్రులు ఆమెను వేరొకచోట పరీక్ష చేయించిరి. అప్పుడు డిస్‌లెక్సియా అని తేలెను. ఆమె పెద్దదై న్యాయస్థానమునకు వెళ్లెను. 1997లో హైకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పి 45 వేల పౌండ్లకు పైగా నష్టపరిహారము ఇమ్మనెను. 1998లో అప్పీలు కోర్టు దానిని కొట్టివేసెను. 2000 జూలై 27న, అప్పటికి ఆ దేశమున అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభలో ఏడుగురు న్యాయమూర్తులు విచారించి, ఆమెకు అనుకూలమైన మొదటి తీర్పును నిలువబెట్టిరి. పిల్ల పుట్టుకతో వచ్చిన లోపమునకు బడి కారణము కాకపోవచ్చును. కాని నిపుణులు దానిని జాగ్రత్తగా కనుగొనవలసిన బాధ్యత కలవారు, వారు తప్పినందున పిల్ల చదువు దెబ్బతినినయెడల అదియు చట్టము లెక్కించు నష్టమే అని ఆ తీర్పు భావము. ఫెల్ప్స్ కేసు అని న్యాయవాదులు దానిని పిలుతురు.

సంవత్సరములు లెక్కించుడు. పరీక్షలో తప్పు జరిగినది 1985. చివరి తీర్పు 2000. నడుమ పదునైదు సంవత్సరములు. డబ్బు వచ్చినది, మార్గము ఏర్పడినది. గాని ఆమె పోగొట్టుకొనిన బాల్యమును ఏ న్యాయమూర్తియు తిరిగి ఇయ్యలేకపోయెను. మన దేశములోను అట్టి సంగతి జరిగినది. 2021 సెప్టెంబరు 12న జరిగిన వైద్యవిద్యా ప్రవేశపరీక్షలో, డిస్‌గ్రాఫియా గల ఒక విద్యార్థినికి నిబంధనల ప్రకారము రావలసిన అదనపు గంట ఇయ్యక, అందరితో పాటు జవాబు పత్రమును లాగుకొనిరి. ఆమె సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. ఆమెకు అన్యాయము జరిగినదని 2021 నవంబరు 23న కోర్టు ఒప్పుకొని, దానిని ఎట్లు సరిదిద్దుదురో వారములోగా ఆలోచింపుడని పరీక్ష జరిపిన సంస్థకు చెప్పెను. కాని పరీక్ష మరల పెట్టుమని మాత్రము చెప్పలేదు. పోయిన గంట పోయినదే.

దీనినిబట్టి నేను నేర్చుకొనిన దేమనగా, న్యాయస్థానము అవసరమే. కాని అది ఆలస్యముగా వచ్చు వైద్యుడు. కాబట్టి బిడ్డ అయిదవ తరగతిలో ఉండగా అడుగవలసినదానిని పదవ తరగతి వరకు వాయిదా వేయుట ఓర్పు అనిపించుకొనదు. “ప్రార్థన చేసి చూతము” అని మూడేండ్లు గడపిన తరువాత కోర్టు మెట్లెక్కుట కంటె, ప్రార్థన చేసి మరునాడే బడి మెట్లెక్కుట మేలు.

అయితే ఎట్లు వెళ్లవలెను? మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన క్రమము ఇక్కడ మిక్కిలి ఉపయోగపడును. మొదట ఒంటరిగా వెళ్లి మాటలాడవలెను: తల్లి గాని తండ్రి గాని ఉపాధ్యాయునితో, కోపము లేకుండ. తరువాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లవలెను: సంఘపెద్దలను వెంటబెట్టుకొని ప్రధానోపాధ్యాయునికి కాగితము మీద మనవి వ్రాసి ఇచ్చి, ఒక నకలు మీద సంతకమును తేదీయు పుచ్చుకొనవలెను. నోటిమాట గాలికి పోవును, కాగితము నిలుచును. అటుపిమ్మట సంఘమునకు చెప్పవలెను: మన పాఠశాలయైన కరస్పాండెంటుకు, పాలకమండలికి. అప్పటికిని వినకపోయినయెడల, ప్రభుత్వము ఏర్పరచిన ద్వారములు కలవు. మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి ఉన్నారు. 2016 చట్టము క్రింద రాష్ట్ర వికలాంగుల కమిషనరు ఉన్నారు. ఆ కమిషనరుకు సాక్షులను పిలిపించి విచారించుటలో సివిలు కోర్టుకు గల అధికారములు కలవు. విద్యాహక్కు చట్టము వర్తించు బడులను గూర్చి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసినచో, స్థానిక అధికారి మూడు నెలలలో తేల్చవలెను. పైన బాలల హక్కుల కమిషను ఉన్నది. అన్నిటికి తుదను హైకోర్టు.

“కోర్టు అనగా డబ్బు గదా, మేము కూలివారము” అని ఎవరైనను అనవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులముల వారికి, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాది సహాయము దొరకును. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉండును. 15100 అను ఫోను నంబరుకు పిలిచి అడుగవచ్చును.

మరియొక మాట తల్లిదండ్రులకు. ఈ సదుపాయములు పొందుటకు ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇచ్చు ధ్రువపత్రము కావలెను. “మా వానికి వికలాంగుడను ముద్ర వేయించుటయా? రేపు పెండ్లి కాదేమో” అని కొందరు వెనుదీయుదురు. బిడ్డకు “మొద్దు” అను ముద్ర ఇదివరకే పడినది. ప్రతిదినము తరగతిలో నలువదిమంది యెదుట పడుచున్నది. ధ్రువపత్రము ఆ అబద్ధపు ముద్రను తీసి, నిజమైన పేరు పెట్టును. మన సిగ్గు కొరకు బిడ్డ సహాయమును ఆపుట, బడి చేసిన తప్పునకు మన తప్పు కూడ చేర్చుట.

ఉపాధ్యాయుని గూర్చియు న్యాయముగా మాటలాడవలెను. ఒక గదిలో రెండు తరగతులు, చాలని జీతము, పై నుండి ఫలితముల వత్తిడి. ఈ లోపమును గూర్చి ఆయనకు ఎవ్వరును నేర్పలేదు. ప్రత్యేక విద్య నేర్చిన ఉపాధ్యాయులు అట్టి పిల్లల సంఖ్యకు తగినట్టు ఉండవలెనని 2021లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినదనగా, కొరత ఎంతటిదో ఊహించుకొనవచ్చును. కాబట్టి ఆయనను ద్వేషింపరాదు. ‘మొద్దు’ అని వ్రాసిన చేతికి శిక్ష పడవలెనని మాత్రమే వేయు కేసు పగ. ఆ చేయి నేర్చుకొని, రేపు వేరొక బిడ్డ పుస్తకములో వేరొక మాట వ్రాయవలెనని వేయు కేసు ప్రేమ. బయటికి రెండును ఒకే కాగితమువలె కనబడును. కాగితము వ్రాయకముందు మోకాళ్ల మీద ఉన్నప్పుడు అవి వేరుపడును. కేసు గెలుచుట కంటె బిడ్డ చదువుట మనకు ఎక్కువ ఇష్టమా? బడి రేపే ఒప్పుకొనినచో కేసు విడిచిపెట్టుటకు సిద్ధమా? అని తన్నుతాను అడిగి, అవునని చెప్పగలిగినవాడు నిర్భయముగా వెళ్లవచ్చును.

ఇక సంఘమునకు. ఆ తల్లిని కోర్టుకు పోవద్దని చెప్పదలచినయెడల, మనము ఆమెకు ఏమి ఇచ్చుచున్నాము? బడి పాలకమండలిలో మన పెద్దలున్నారు; అచ్చట నోరు తెరచి మాటలాడుదురా? పట్టణపు ఆసుపత్రికి పోవుటకు బస్సు చార్జీలు ఇత్తుమా? కూలి పోగొట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగు దినమున ఆమెతో ఒకరు వెళ్లుదురా? సండేస్కూలులో చదువలేని బిడ్డను లేపి, అందరి యెదుట వచనము చదువుమని నిలువబెట్టుట మానుదుమా? కంఠతా చెప్పగలవానిని చెప్పనిత్తుమా? తమకొరకు మాటలాడుకొనలేని వారి పక్షమున నోరు తెరువవలెనని సామెతల గ్రంథము 31వ అధ్యాయములో లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పెను. ఆ పాఠమును నేర్పినది ఒక తల్లియే అని నేను ఇంతకాలము గమనింపలేదు.

మరుసటి ఆదివారమున నేను ఆ తల్లి ఇంటికి వెళ్లి, నేను చెప్పిన సలహా తప్పని ఒప్పుకొంటిని. ఆమె, “పోనీలెండి అయ్యగారూ, కాఫీ తాగండి” అనెను. ఇద్దరు పెద్దలతో కలిసి మనవి వ్రాసితిమి. మొదటిసారి కరస్పాండెంటుగారు కూర్చుండమని కూడ అనలేదు. రెండవసారి 2016 చట్టపు నకలును తీసికొని పోయితిమి. మూడవసారి పాలకమండలిలో ఒక పెద్ద, విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడు, ఆ నోటుపుస్తకమును బల్లమీద పెట్టి, “ఈ మాట మన పిల్లల పుస్తకంలో ఉంటే ఊరుకుంటామా?” అని అడిగెను. గదిలో ఎవ్వరును మాటలాడలేదు. టి.సి. మాట విరమించుకొనిరి.

ఆ తరువాత అన్నియు సుఖముగా జరిగినవని చెప్పలేను. ధ్రువపత్రము కొరకు నాలుగు సారులు తిరుగవలసి వచ్చినది. మండలములోని భవిత కేంద్రమునకు తల్లి కూలి మాని వానిని తీసికొనిపోవుచున్నది. వాడు ఇంకను మెల్లగానే చదువును. మొన్న సండేస్కూలులో, ఎవ్వరును అడుగకుండ తానే లేచి, యోహాను సువార్తలోని మిక్కిలి చిన్న వచనమును వ్రేలు పెట్టి చదివెను. మూడే మాటలు. వాటికి అర నిమిషము పట్టినది. మేమందరము ఊపిరి బిగబట్టి వింటిమి.

న్యాయసేవాధికార సంస్థకు ఆమె వ్రాయించుకొనిన దరఖాస్తు మాత్రము ఇంకను చింపివేయలేదు. ఆమె బైబిలులో మడచి పెట్టియున్నది. బడి మరల మాట తప్పినయెడల ఆమె వెళ్లును. అప్పుడు నేనును వెంట వత్తునని చెప్పియున్నాను. నలిగిన రెల్లును విరువని ప్రభువు మన బిడ్డలకును, వారిని మోయు తల్లులకును, వారికి నేర్పు ఉపాధ్యాయులకును, సలహా చెప్పుటకు తొందరపడు నావంటి కాపరులకును బుద్ధిని అనుగ్రహించును గాక. ఆమేన్.